మా అమ్మ, ఈజిప్టావిడ

శవాన్ని ముట్టుకొచ్చి ఇంట్లోకి ఎలా వస్తావే అని అమ్మ నన్ను గరాజ్ తలుపు దగ్గరే ఆపేసింది.

బయట మిషిగన్ చలి ఎముకలు కొరికేస్తోంది. పొద్దున తిన్న ఇడ్లీలు ఎప్పుడో అరిగిపోయాయి. లోపల్నుంచి పోపు వాసన వస్తోంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

“అమ్మా, ఆవిడ పోయి మూడువేల ఏళ్ళు అయ్యుంటుంది. అదీ ఈజిప్టులో.”

“ఎప్పుడు పోతేనేం, ఎక్కడ పోతేనేం? పోయిన మనిషేగా! తిన్నగా బేస్‌మెంట్‌లోకి పోయి తలస్నానం చేసి రా.”

“గ్లోవ్స్ వేసుకున్నానే తల్లీ!”

“గ్లోవ్స్ వేసుకుంటే మైల అంటదని మీ హాస్పిటల్లో చెప్పారా?”

చేశాను. చేయకపోతే అన్నం పెట్టదు. కాలేజీకి వెళ్ళబోయే కూతురున్నదాన్ని, ఈ వయసులో తల్లికి జడిసి బేస్‌మెంట్‌లో తలకి పోసుకుని, తడిజుట్టుతో వచ్చి కంచం ముందు కూర్చున్నాను. అప్పటికి అమ్మ మెత్తబడింది. వంకాయకూర వడ్డిస్తూ మెల్లగా అడిగింది. “ఇంతకీ ఎవరే ఆవిడ?”

నేను ట్రాయ్ దగ్గర ఒక హాస్పిటల్లో సీటీ స్కాన్ టెక్నాలజిస్ట్‌ని. మనిషిని బల్లమీద పడుకోబెట్టి, ఊపిరి బిగబట్టమని చెప్పి, అద్దం వెనక్కి వెళ్ళి లోపలి బొమ్మలు తీయడం నా ఉద్యోగం. ఆ బొమ్మల్లో ఏముందో చాలాసార్లు అక్కడికక్కడే తెలిసిపోతుంది. తెలిసినా చెప్పకూడదు, చెప్పాల్సింది డాక్టర్. బల్ల దిగుతూ ప్రతి ఒక్కరూ నా మొహంలోకి చూస్తారు. మొహంలో ఏమీ కనపడనీయకుండా “మీ డాక్టర్ మాట్లాడతారు” అనాలి. మెషీన్ నడపడం ఎవరికైనా వస్తుంది. ఆ మొహం పెట్టడానికే నాకు ఏళ్ళు పట్టింది.

ఆ ఆదివారం స్కానర్ ఖాళీగా ఉందని, పక్క ఊళ్ళో ఉన్న ఒక చిన్న మ్యూజియం వాళ్ళు తమ దగ్గరున్న మమ్మీని తీసుకొచ్చారు. వెంట ఆ మ్యూజియంలో ఈజిప్టు గది చూసుకునే పెద్దావిడ వచ్చింది. పొట్టిగా, తెల్లటి జుట్టుతో, కారులో పసిబిడ్డని తెచ్చినట్టు దారంతా ఆ పెట్టెమీద చెయ్యి వేసుకునే కూచుందట. ఆ మమ్మీ రాణీ కాదు, రాజుగారి బంధువూ కాదు. గుడిలో తలుపుల దగ్గర కాపలా ఉండే ఒక ఉద్యోగి భార్య. పెట్టెమీద ఆమె పేరు పక్కన ఒక మాట రాసి ఉంది. దాని అర్థం ఇంటి యజమానురాలు అని మ్యూజియం ఆవిడ చెప్పింది.

“అంటే ఇల్లాలు” అంది అమ్మ, చారు పోస్తూ.

“ఆఁ, ఇల్లాలే.”

“అలా చెప్పు మరి. మమ్మీ మమ్మీ అంటే నాకేం తెలుస్తుంది?”

ఆ రోజు స్కాన్ గదిలో ఎవరమూ మొహం బిగించుకోలేదు. స్క్రీన్ మీద బొమ్మలు ఒక్కొక్కటీ వస్తుంటే అందరం గొంతెత్తి మాట్లాడాం. ఆ పళ్ళు చూడు, ఆ మెడ చూడు, పాపం ఆ నడుం చూడు! బతికున్నవాళ్ళ ముందు నోరు కుట్టేసుకునేవాళ్ళం, ఆవిడ ముందు మాత్రం ఒక్కటి కూడా దాచలేదు.

పళ్ళు చిగుళ్ళదాకా అరిగిపోయి ఉన్నాయి. వాళ్ళ తిండి రొట్టె. ఆడవాళ్ళు మోకాళ్ళమీద కూచుని రాతిమీద గోధుమలు నూరేవాళ్ళు. ఆ రాతిపొడీ, ఎడారి ఇసకా పిండిలో కలిసి, తిన్నన్నాళ్ళూ పళ్ళని నూరేసేవి. ఒక దవడలో పన్ను కింద ఎముక పుచ్చి గుంటపడింది. మెడ ఎముకలు బరువులు మోసి మోసి నలిగాయి. చీలమండల దగ్గర ఎముక నున్నగా అరిగి ఉంది, గొంతుక్కూచుని పనిచేసేవాళ్ళకి అలా అవుతుందని స్కాన్ బొమ్మలు చదివే మా డాక్టర్ చెప్పాడు. అప్పట్లో జీతాలంటే రొట్టెలూ, ధాన్యమూ, బీరేనని మ్యూజియం ఆవిడ చెప్పింది. ఉల్లిపాయలు, చేపలు, పప్పులు తినేవాళ్ళు. ఆడవాళ్ళకి సొంత ఆస్తి ఉండేది, మొగుడి మీద కోర్టుకి కూడా వెళ్ళేవాళ్ళు.

“అయితే అప్పుడే నయం” అంది అమ్మ. “లోపలివన్నీ తీసేస్తారంటారు, నిజమేనా?”

“తీసేస్తారు. లివరూ, పేగులూ తీసి ఎండబెట్టి విడిగా పెడతారు. మెదడు ముక్కులోంచి లాగి పారేస్తారు. గుండె మాత్రం ఉన్నచోటే ఉంచుతారు. తెలివీ, జ్ఞాపకం అన్నీ అందులోనే ఉంటాయని వాళ్ళ నమ్మకం.”

“తెలివైనవాళ్ళే” అంది అమ్మ. పెరుగు గిన్నె నా ముందుకి జరుపుతూ అడిగింది. “ఎలా పోయిందిట?”

అది మాత్రం అన్నం తింటూ చెప్పాల్సిన సంగతి కాదు. కానీ ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి కదా, నాకు అడ్డేముంది? కటి ఎముకలోనూ, వెన్నులోనూ, పుర్రెలోనూ చిల్లులున్నాయని చెప్పాను. ఎక్కడో పుట్టిన పుండు ఎముకల్లోకి పాకి వాటిని తినేసింది. వాళ్ళు దాన్ని ఏమని పిలిచేవాళ్ళో తెలియదు. మేము క్యాన్సర్ అంటాం.

అమ్మ చెయ్యి నడుం మీదికి వెళ్ళింది. అప్పటికే చాలా రోజులుగా అమ్మకి నడుం నొప్పి. చలికి అనుకున్నాం, నేనూ అదే అన్నాను.

అప్పట్నుంచీ రోజూ సాయంత్రం అదే వరస. నేను డ్యూటీనుంచి వచ్చేసరికి అమ్మ గోరుచిక్కుళ్ళు వలుస్తూనో, టీవీ మ్యూట్‌లో పెట్టుకునో కూచుని ఉండేది. “మీ ఈజిప్టావిడ ఎలా ఉందే?” అనేది.

“ఎలా ఉంటుంది? ఉన్నట్టే ఉంది” అనేదాన్ని. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. మా అమ్మాయి ఫోన్లోంచి తలెత్తి, “అమ్మమ్మా, దట్స్ సో డార్క్!” అనేది. మా ఆయన ఈ సంభాషణలకి దూరంగా కుక్కని తీసుకుని వాకింగ్‌కి పోయేవాడు.

ఒకరోజు అమ్మ ఆవిడకి చుట్టిన బట్ట గురించి అడిగింది. కొత్తదా, పాతదా అని. నేను మ్యూజియం ఆవిడకి మెసేజ్ పెట్టి కనుక్కున్నాను. పాతదే. అలాంటి మామూలు ఇళ్ళలో దీనికోసం కొత్తబట్ట నేయించేవాళ్ళు కాదట. ఇంట్లో వాడిన దుప్పట్లూ, ఒంటిమీది బట్టలూ చింపి దాచిపెట్టుకునేవాళ్ళట. పాదాల దగ్గర పైబట్ట చిరిగినచోట లోపలి గుడ్డ కనపడుతోందనీ, దానిమీద ఎవరో చిరుగు కలుపుతూ సూదితో వేసిన రఫ్ఫు ఉందనీ ఫోటో పంపింది. అమ్మ ఆ ఫోటోని వేళ్ళతో పెద్దది చేసి, కళ్ళజోడు సవరించుకుని మరీ చూసింది.

“పాతబట్టే మెత్తగా ఉంటుంది ఒంటికి” అంది.

నడుంనొప్పి తగ్గలేదు. మాత్రలకి లొంగలేదు. చివరికి అమ్మని మా హాస్పిటల్‌కే తీసుకొచ్చాం. సొంతవాళ్ళకి మేమే స్కాన్ చేయకూడదని నాతో పనిచేసే అమ్మాయి చేసింది. నేను అద్దం వెనకాల నుంచున్నాను. నన్ను బయటికి పొమ్మనడానికి ఆ పిల్లకి నోరు రాలేదు.

బొమ్మలు వచ్చాయి. కటి ఎముక, వెన్ను. అవే చిల్లులు.

నాతో పనిచేసే పిల్ల నావైపు చూడలేదు. స్క్రీన్ వైపే చూస్తూ కూచుంది. అద్దం అవతల అమ్మ బల్లమీద చేతులు తలపైకి పెట్టుకుని, నేను ముందే తెలుగులో నేర్పినట్టు మెషీన్ ఏం చెబితే అది చేస్తోంది. ఊపిరి బిగబట్టమంటే బిగబట్టింది. ఇక వదలమన్నా కాసేపు వదల్లేదు, ఎక్కడ తప్పు చేస్తానో అని.

బల్ల దింపడానికి నేనే వెళ్ళాను. “ఏం కనపడిందే?” అంది.

“డాక్టర్ చెప్తారమ్మా” అన్నాను. ఏళ్ళ తరబడి నేర్చుకున్న మొహం పెట్టాను.

ఆ రాత్రి రెడ్‌మండ్‌లో ఉన్న తమ్ముడికి ఫోన్ చేస్తే కాసేపు ఏడ్చి, ఆ తర్వాత గట్టిగా చెప్పాడు. “అక్కా, అమ్మకి చెప్పొద్దు. నాన్నకి ఆయన జబ్బు సంగతి చెప్పాం, ఏమైంది? ఆ రోజునుంచీ మంచం దిగలేదు. జబ్బుతో కాదు, బెంగతో పోయాడు. ప్లీజ్ అక్కా, అరుగుదల అని చెప్పు.”

మా నాన్న విషయంలో వాడన్నది నిజం. నేను ఒప్పుకున్నాను. నన్నెవరూ బలవంతపెట్టలేదు, ఆ సంగతి కూడా చెప్పేస్తున్నాను. ఇక్కడివాళ్ళు దీన్ని చాలా పెద్ద నేరంగా చూస్తారు. చూడనీ. వాళ్ళ నాన్న గోడవైపు తిరిగి పడుకుని పోవడం వాళ్ళు చూడలేదు.

క్యాన్సర్ డాక్టరమ్మ మంచి మనిషి. తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని ఫోన్లో పిలుస్తానంది. “మా అమ్మాయి ఉందిగా” అంది అమ్మ. డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుని, అమ్మ చెయ్యి పట్టుకుని చాలాసేపు మాట్లాడింది. ఎక్కడ మొదలైందో, ఎంతదూరం పాకిందో, పూర్తిగా నయం చేయలేమనీ, నొప్పి మాత్రం తగ్గించగలమనీ. ఆవిడ ఆపి నావైపు చూసింది.

“ఎముకలు గుల్లబారాయిట. కరెంటు పెట్టి గట్టిపరుస్తారుట” అన్నాను.

అమ్మ తలాడించింది. డాక్టరమ్మతో, “థాంక్యూ, థాంక్యూ” అంది. అర్థమైందా అని ఆవిడ అడిగితే, “ఎస్, ఎస్” అంది. ప్రతిసారీ అంతే.

చలికాలం ఎంతకీ తెమల్లేదు. రేడియేషన్‌కి తీసుకెళ్ళడం, తీసుకురావడం, మందు, దానికి వాంతులు, మళ్ళీ మంచుతుఫాను, డ్రైవ్‌వేలో మంచు తోయడం. ఇంటికొచ్చాక అమ్మ సోఫాలో ఒరిగి, దుప్పటి కప్పుకుని, మళ్ళీ ఈజిప్టావిడ గురించే అడిగేది. నాకు ప్రాణం లేచొచ్చేది. నా మొహం బిగించుకోనక్కర్లేని సంగతి అదొక్కటే మిగిలింది మరి.

“ఆవిడకి నొప్పి బాగా ఉండేదంటావా?”

“ఉండే ఉంటుంది. రాత్రిపూట ఇంకా ఎక్కువ. పక్కమీద అటూ ఇటూ తిరగడానికి కూడా కష్టం.”

“నడిచేదా?”

“చివర్లో నడిచి ఉండదమ్మా. కాళ్ళ ఎముకలు బాగా పల్చబడిపోయాయి. కొన్నాళ్ళు మంచంలోనే ఉండుంటుందని మా డాక్టర్ అన్నాడు.”

“మరి తిండీ నీళ్ళూ?”

“ఎవరో పెట్టే ఉంటారు. ఎవరూ చూడకపోతే అన్నాళ్ళు బతకదు.”

“కూతురుందా?”

“ఏమో, ఎముకల్లో అది తెలీదు.”

“ఉండే ఉంటుందిలే” అని కళ్ళు మూసుకునేది.

ఆ రోజుల్లోనే అమ్మ తన పెట్టె తీయించి, పాత వెంకటగిరి నూలుచీర ఒకటి బయటికి తీసింది. నీలంరంగు, సన్న అంచు. నేను స్కూల్లో ఉన్నప్పట్నుంచీ చూస్తున్న చీర. ఉతికి ఉతికి రంగు వెలిసిపోయింది. అంచు పక్కన జానెడు చిరుగు. అమ్మ కిటికీ దగ్గర కూచుని దాన్ని రఫ్ఫు చేయడం మొదలుపెట్టింది. కాసేపు కుట్టి ఆగేది, నొప్పి తగ్గాక మళ్ళీ అందుకునేది. సూదిలో దారం మా అమ్మాయి ఎక్కించేది.

“అది పనికొచ్చే చీరేనా? పారెయ్యవే, కొత్తవి బోలెడున్నాయి” అన్నాను విసుగ్గా. నిద్రల్లేక నాకు అందరిమీదా విసుగ్గానే ఉండేది.

“ఉండనీవే. నీకేమైనా అడ్డమా?” అంది.

మంచు కరిగి రోడ్లన్నీ బురదగా ఉన్న ఒక మధ్యాహ్నం అమ్మ ఆవిడని చూస్తానంది. వీల్‌చైర్ కారులో పెట్టుకుని, మేమిద్దరమే మ్యూజియంకి వెళ్ళాం. ఈజిప్టు గదిలో ఎవరూ లేరు. ఒక పక్క అరల్లో ఆవిడ కాలంనాటి సామాను ఉంది. కాటుక భరిణ, చెక్క దువ్వెన, తెగిపోయిన చెప్పు, రాయిలా ఎండిపోయిన రొట్టె. అమ్మ రొట్టె దగ్గర ఆగి, “ఎవరో తిందామని దాచుకున్నారు” అంది. తరవాత గాజుపెట్టె దగ్గరికి తొయ్యమంది. వెళ్ళేముందు చెప్పులు విప్పేసింది. వద్దంటే వినలేదు.

పాదాల దగ్గర ఆ రఫ్ఫు కనపడుతోంది. మట్టిరంగులో, చిన్న చిన్న కుట్లు. అమ్మ ముందుకి వంగి దానివంక చూసింది.

“కుట్టు దగ్గరగా వేసింది. వేసినావిడకి ఓపికుంది” అంది. తరవాత, తల తిప్పకుండానే, “ఈవిడకున్నదే కదే నాకూ ఉన్నది?” అంది.

“డాక్టరమ్మ ఏమందంటే...” అని ఏదో మొదలుపెట్టాను.

“ఊరుకో. డాక్టరమ్మ అంతసేపు మాట్లాడుతుంది. నువ్వు రెండు ముక్కల్లో తేల్చేస్తావు. మిగతాదంతా ఎక్కడికి పోతోందే? నాకు ఇంగ్లీషు రాదు గానీ, ఎంతసేపు మాట్లాడిందో తెలీదా?”

“మరి నన్నెందుకు అడగలేదమ్మా?”

“అడిగితే ఇంకోటి అల్లేదానివి. అబద్ధం ఆడితే నీ ముక్కు ఎర్రబడుతుంది, చిన్నప్పట్నుంచీ అంతే. పాపం నువ్వు పడే అవస్థ చూడలేక వదిలేశాను. ఈవిడ గురించి అడిగితే మాత్రం ఉన్నదున్నట్టు చెప్పేదానివి. అందుకని ఈవిడ గురించే అడిగాను.”

రాత్రిపూట నొప్పి ఎక్కువవుతుందనీ, చివరికి నడవలేదనీ, మంచంలోనే ఉంటుందనీ, ఒక్కొక్కటీ నా నోటితోనే చెప్పాను. గోరుచిక్కుళ్ళు వలుస్తూ చెప్పాను. పెరుగన్నం కలుపుకుంటూ చెప్పాను. ఇంత దాచానని నేననుకుంటున్న రోజుల్లోనే అమ్మ నా దగ్గర అంతా కనుక్కుంది.

వీల్‌చైర్ పక్కన నేలమీద కూలబడి ఏడ్చాను. సిగ్గూ ఎగ్గూ లేకుండా, ముక్కు చీదుకుంటూ. అమ్మ నా తలమీద చెయ్యి వేసింది. “పిచ్చిదానా, నువ్వు మీ నాన్న సంగతి తలుచుకుని భయపడ్డావు. ఆయన వేరు, నేను వేరు. నాకు ముందే తెలిస్తే సర్దుకునేవి సర్దుకుంటాను” అంది. మళ్ళీ, “ఆ నీలంచీర ఉంది చూశావా, నాకు అదే కట్టు. మీ తమ్ముడు పట్టుచీర కొనుక్కొస్తాడు. కట్టకు. అది గరగరలాడుతుంది” అంది.

వెళ్ళేముందు గాజుమీద అరచెయ్యి ఆనించి ఆవిడతో ఏదో అంది. నాకు వినపడలేదు, నేనూ అడగలేదు. ఇంటికొచ్చాక ఆ ఓపికలేని ఒంటితోనే, కుర్చీ వేయించుకుని తలస్నానం చేసింది. నాచేత కూడా చేయించింది.

తరవాతిసారి హాస్పిటల్‌కి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ ఎంతసేపు మాట్లాడిందో నేనూ అంతసేపు మాట్లాడాను. ఒక్క ముక్క వదల్లేదు. కొన్ని మాటలకి నాకు తెలుగు తట్టక తడుముకున్నాను. అమ్మ నా ముక్కు వంకే చూస్తూ అంతా వింది. ఇంకెన్నాళ్ళని అడగమంది, అడిగాను. డాక్టరమ్మ చెప్పింది. అది కూడా చెప్పాను. “సరే” అంది అమ్మ, “ఇంక ఆ వాంతులొచ్చే మందు వద్దని చెప్పు.”

ఎండాకాలం వెళ్ళకముందే అమ్మ పోయింది. ఆవిడ అడిగి తెలుసుకున్నవేవీ తప్పలేదు. నడవడం ముందు పోయింది. రాత్రుళ్ళు పక్కమీద తిప్పాల్సివచ్చేది. తిండీ నీళ్ళూ నేనే పెట్టాను.

తమ్ముడు పట్టుచీర తెచ్చాడు. ఫ్యూనరల్ హోమ్‌లో నేను నీలంచీర తీస్తే, “అక్కా, అది చిరిగింది, అందరూ చూస్తారు” అన్నాడు. అక్కడి ఉద్యోగిని కూడా ఆ రఫ్ఫు చూపించి, దీన్ని లోపలివైపుకి మడిచేద్దామా అని మర్యాదగా అడిగింది. వద్దన్నాను. కుచ్చిళ్ళు నేనే పెట్టాను. అమ్మ కుట్టిన కుట్లు పాదాల దగ్గరికి, పైకి కనపడేలా వచ్చాయి.

అంతా అయ్యాక, నేను కారు గరాజ్‌లో పెట్టి చాలాసేపు అందులోనే కూచున్నాను. లోపలికి వెళ్ళే తలుపు దగ్గర నన్ను ఆపేవాళ్ళు ఎవరూ లేరు కదా అనిపించింది. తలుపు తెరుచుకుంది. ముందు కారులో వచ్చేసిన మా అమ్మాయి, తడిజుట్టుతో, చేతిలో టవల్ పట్టుకుని గడపకి అడ్డంగా నుంచుంది.

“అమ్మా, ఇలా రాకు. బేస్‌మెంట్‌కి వెళ్ళు. స్నానం ఫస్ట్” అంది.